లాంచీ ఆగిపోతే ఒడ్డున ఏం చేయాలి? సాగర్ నుంచి ఒక లెక్క

క్రూజ్ అనగానే మన హాస్టల్లో ఎవరికైనా గుర్తొచ్చేది పది అంతస్తుల తెల్ల ఓడ, దాని పైన స్విమ్మింగ్ పూల్, ఇన్‌స్టా రీల్స్. అది వేరే లోకం అనుకుంటాం. కానీ పల్నాడు వాళ్లకి చేతికందే దూరంలోనే ఒక చిన్న క్రూజ్ ఉంది. మాచర్ల దాటి విజయపురి సౌత్ వెళ్తే నాగార్జునసాగర్ రేవు వస్తుంది. అక్కడ లాంచీ ఎక్కితే నీళ్ల మధ్యలో ఉన్న నాగార్జునకొండకి తీసుకెళ్తుంది. కాసేపు దించుతుంది, మళ్లీ ఎక్కించుకుని తెస్తుంది. పెద్ద ఓడల వాళ్లు దీన్నే పోర్ట్ డే అంటారు. సైజు తేడా, అంతే.

ఈ వ్యాసంలో మూడు సంగతులు చెప్తాను. ఓడ గానీ లాంచీ గానీ ప్రయాణాన్ని మధ్యలో ఎందుకు ఆపేస్తుంది? అట్లా ఆగినప్పుడు ఒడ్డున దొరికే టైమ్‌ని ఎట్లా వాడుకోవాలి? నాగార్జునకొండ మీద ఆ టైమ్‌లో చూడాల్సింది ఏంటి? మూడోదాంట్లో మా నాయనమ్మ కూడా వస్తుంది. ఎందుకో అక్కడ చెప్తాను.

పోర్ట్ డే అంటే ఏంటి?

సముద్రం మీద తిరిగే ఓడ ప్రతిరోజూ నీళ్లలోనే ఉండదు. ఒక ఊరి రేవులో పొద్దున ఆగుతుంది, సాయంత్రం బయల్దేరుతుంది. ఆ మధ్య టైమ్‌లో ప్రయాణికులు దిగి ఊరు చూసి రావచ్చు. రేవు లోతు సరిపోకపోతే పెద్ద ఓడ దూరంగా లంగరు వేసుకుంటుంది, చిన్న పడవల్లో జనాన్ని ఒడ్డుకి చేరుస్తారు. ఓడ కదిలే టైమ్ ఒకటి, అందరూ ఎక్కేసి ఉండాల్సిన టైమ్ ఒకటి. రెండోది ముందుంటుంది. ఆ టైమ్ దాటితే మామూలుగా ఓడ ఆగదు. ఆలస్యమైనవాళ్లు సొంత ఖర్చుతో తర్వాతి రేవుకి పోయి అందుకోవాలి. ఓడలో గడియారం ఒక టైమ్, ఊళ్లో గడియారం ఇంకో టైమ్ చూపించే సందర్భాలు కూడా ఉంటాయి. అందుకే దిగేముందు ఏ గడియారం లెక్కో కనుక్కోమంటారు.

మన భాషలో చెప్పాలంటే ఇది హార్డ్ డెడ్‌లైన్ ఉన్న టాస్క్. ల్యాబ్ రికార్డ్ లాగా రేపు పెడతానని బతిమాలితే కుదరదు.

సాగర్ లాంచీ కూడా అంతే. కొండ దగ్గర దించి, ఇంత టైమ్‌కి రమ్మని చెప్తారు. హారన్ కొడతారు. తేడా ఏంటంటే, సముద్రం ఓడ వెళ్లిపోతే మిగిలేది ఒక ఊరు. అక్కడ బస్సులుంటాయి, హోటళ్లుంటాయి. ఇక్కడ లాంచీ వెళ్లిపోతే మిగిలేది చుట్టూ నీళ్లున్న ఒక కొండ.

ప్రయాణం మధ్యలో ఎందుకు ఆగుతుంది?

మొదటి కారణం అనుమతి. రేవు ఒక ప్రభుత్వానిది, ఓడ ఇంకొకరిది. రేవు వాళ్లు వద్దంటే ఓడ ఏం చేయలేదు. 2022 జూన్‌లో మన విశాఖపట్నం నుంచే కార్డీలియా వాళ్ల ఎంప్రెస్ అనే ఓడ పుదుచ్చేరి మీదుగా చెన్నై వెళ్లడానికి బయల్దేరింది. పుదుచ్చేరిలో దిగడానికి అనుమతి దొరకలేదు. ఓడలో జూదం లాంటివి ఉంటాయని అక్కడ పెద్ద గొడవే జరిగింది. టికెట్ కొన్నవాళ్లకి ఆ గొడవతో ఏ సంబంధం లేదు, అయినా పోయింది మాత్రం వాళ్ల రోజే.

రెండోది జబ్బు. 2020 ఫిబ్రవరి 1న వెస్టర్‌డామ్ అనే ఓడ హాంకాంగ్ నుంచి బయల్దేరింది. కరోనా భయంతో జపాన్, తైవాన్, ఫిలిప్పీన్స్, గువామ్, థాయ్‌లాండ్ ఒకటి తర్వాత ఒకటి మా దగ్గరికి రావద్దన్నాయి. చివరికి ఫిబ్రవరి 13న కంబోడియాలోని సిహనూక్‌విల్ రేవు ఒప్పుకుంది. రోజుల తరబడి భూమి కనిపిస్తున్నా దిగలేని పరిస్థితి. అదే నెలలో జపాన్‌లోని యోకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ ఓడని జనంతో సహా క్వారంటైన్‌లో పెట్టారు. అందులో ఏడు వందల మందికి పైగా జబ్బు పాకింది. రేవులో కట్టేసి ఉన్న ఓడలోంచి కూడా దిగలేకపోవడం అంటే ఏంటో అప్పుడు ప్రపంచమంతా చూసింది.

మూడోది నీటిమట్టం. ఇది నదుల మీదా రిజర్వాయర్ల మీదా ముఖ్యం. సాగర్ నుంచి శ్రీశైలం దాకా లాంచీ ప్రయాణం ఉందని చాలామందికి తెలుసు. నల్లమల కొండల మధ్య కృష్ణ మీద ఇంచుమించు పగలంతా సాగుతుంది. లింగాలగట్టు దగ్గర దించుతారు, అక్కడి నుంచి రోడ్డు మీద శ్రీశైలం గుడికి వెళ్లాలి. కానీ అది ఏడాది పొడుగునా నడవదు. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. వానాకాలం వరదలకి డ్యామ్ నిండితే పైన లోయలో కూడా లోతు వస్తుంది. పంటలకి నీళ్లు వదిలేకొద్దీ మట్టం దిగుతుంది, రాళ్లు పైకి తేలతాయి. మనవాళ్లకి వేసవి సెలవులు దొరికేసరికి లాంచీ మార్గంలో నీళ్లుండవు. మన అకడమిక్ క్యాలెండర్‌కీ కృష్ణ క్యాలెండర్‌కీ అస్సలు పొంతన లేదు.

నాలుగోది భద్రత. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. పాపికొండలు చూడ్డానికి బయల్దేరినవాళ్లు అందులో ఉన్నారు. నది అప్పుడు వరదలో ఉంది. దాదాపు యాభై మంది పోయారు. కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం ఆ బోటుని అక్టోబర్ 22న బయటికి తీసింది. ఆ ప్రమాదం తర్వాత రాష్ట్రంలో పర్యాటక బోట్లన్నీ ఆపేశారు. తర్వాత 9 చోట్ల కంట్రోల్ రూమ్‌లు పెట్టాలని నిర్ణయించారు. అందులో నాగార్జునసాగర్ ఒకటి. నీటిమట్టం, వరద, బోటు ఫిట్‌నెస్, ఎక్కినవాళ్ల లెక్క చూశాకే వదలాలనేది దాని ఉద్దేశం. దేశం మొత్తానికి 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. లోపలి నీళ్లలో తిరిగే యాంత్రిక పడవకి రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, నడిపేవాళ్లకి అర్హత పత్రం ఉండాలనేది అందులోని మాట.

అయిదోది గాలి. దీన్ని మనం తేలిగ్గా తీసుకుంటాం. అందుకే దీనికి విడిగా చోటిస్తున్నాను.

చెరువులో అల ఎట్లా పుడుతుంది?

సముద్రం కాదు కదా, ఇక్కడ అలలేంటి అనిపిస్తుంది. గాలి వల్ల పుట్టే అల ఎత్తు మూడిటి మీద ఆధారపడుతుంది. గాలి వేగం ఒకటి, ఎంతసేపు వీచిందనేది రెండోది, అడ్డు లేకుండా నీటి మీద ఎంత దూరం ప్రయాణించిందనేది మూడోది. ఊరి చెరువులో మూడోది తక్కువ, అందుకే ఎంత గాలికైనా అలలు పెద్దగా లేవవు. సాగర్ రిజర్వాయర్‌లో కొన్ని వైపులకి కిలోమీటర్ల కొద్దీ ఖాళీ నీళ్లు. పైగా కొండల మధ్య సందుల్లోంచి వచ్చే గాలి అక్కడ ఇరుకై వేగం పెంచుకుంటుంది. రేవు దగ్గర ప్రశాంతంగా ఉండి, కొండ మలుపు తిరగ్గానే లాంచీ ఊగడం మొదలవుతుంది. రేవులో నిలబడి చూసినవాడికి ఆ సంగతి తెలియదు. రోజూ నడిపేవాడికి తెలుసు.

రెండో సంగతి బరువు. పడవ నిలబడేది కింద బరువు, పైన తేలిక అనే సూత్రం మీద. పై డెక్ మీదికి జనం ఎక్కేకొద్దీ మొత్తం బరువు కేంద్రం పైకి పోతుంది. అదే టైమ్‌లో ఏదో కనపడిందని అందరూ ఒక పక్కకి పరుగెత్తి ఫోన్లు తీస్తే పడవ ఆ పక్కకి వాలుతుంది. అల కూడా అటే కొడితే తిరిగి లేచే శక్తి తగ్గిపోతుంది. కూర్చోమని వాళ్లు అరిచేది మన సెల్ఫీ మీద కోపంతో కాదు. ఫిజిక్స్ ల్యాబ్‌లో చదివిందే ఆయన మైక్‌లో చెప్తున్నాడు.

మా ప్రయాణం

పోయిన డిసెంబర్లో సెమిస్టర్ పరీక్షలు అయ్యాక చుట్టాలం అంతా కలిసి సాగర్ వెళ్లాం. మా బాబాయ్ ముందే మాట్లాడి పెట్టాడు. కొండకి వెళ్లడం, గంటన్నర ఆగడం, తిరిగొచ్చేటప్పుడు కొండని ఒక చుట్టు చుట్టి రావడం. ఆ చుట్టు మా నాయనమ్మ కోసం. ఆవిడ పుట్టింది ఆ నీళ్ల కింద ఉన్న లోయలో. పుల్లారెడ్డిగూడెం వైపు. కొండకి అవతలి పక్కకి వస్తే తన ఊరు ఏ దిక్కున ఉండేదో చూపిస్తానని చాలా ఏళ్లుగా అంటోంది. ఆవిడకి ఇప్పుడు డెబ్బై ఎనిమిది. మోకాళ్లు బాగాలేవు. మళ్లీ మళ్లీ వచ్చే ప్రయాణం కాదని అందరికీ తెలుసు, ఎవరం పైకి అనలేదు.

పొద్దున నీళ్లు అద్దంలా ఉన్నాయి. కొండ రేవుకి చేరేసరికి గాలి లేచింది. దిగేటప్పుడే లాంచీ నడిపే ఆయన బాబాయ్‌తో చెప్పాడు.

"సార్, చుట్టు తిప్పడం కుదరదు. అవతల గాలి బాగా ఉంది. ఇది తగ్గేదాకా మనం కూడా ఇక్కడే ఉందాం. తగ్గినాక నేరుగా రేవుకే."

బాబాయ్‌కి కోపమొచ్చింది. డబ్బులు మాట్లాడుకున్నాం కదా అన్నాడు. ఆయన గొంతు పెంచలేదు. "డబ్బులు వెనక్కి ఇస్తాను సార్. పెద్దామెని ఎక్కించుకుని అటు పోలేను" అన్నాడు.

నాయనమ్మే మధ్యలో కలగజేసుకుంది. "వాడు చెప్పింది ఇనరా. కిట్టమ్మతో ఎకసెక్కాలు ఆడగూడదు" అంది. కిట్టమ్మ అంటే కృష్ణ. ఆవిడ నదిని ఎప్పుడూ పక్కింటి మనిషిని పిలిచినట్టే పిలుస్తుంది.

అట్లా మా ప్రయాణంలో ఒక భాగం పోయింది. దాని బదులు, మామూలుగా గంటన్నర దొరికే చోట నాలుగు గంటలు దొరికాయి.

కొండ మీద ఏముంది?

ముందు అసలు అది ఏంటో చెప్పుకుందాం. మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణ. మధ్యలో సుమారు 23 చదరపు కిలోమీటర్ల లోయ. క్రీస్తు శకం మూడో శతాబ్దంలో శాతవాహనుల తర్వాత వచ్చిన ఇక్ష్వాకులు ఇక్కడ విజయపురి అనే రాజధాని కట్టుకున్నారు. మనం లాంచీ ఎక్కే విజయపురి సౌత్‌కి ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. అతని కొడుకు వీరపురుషదత్తుడి కాలంలో బౌద్ధ కట్టడాలు బాగా పెరిగాయి. కట్టించినవాళ్లలో రాజుల కంటే ఆడవాళ్ల పేర్లే ఎక్కువగా వినిపిస్తాయి. శాంతమూలుడి చెల్లెలు శాంతిశ్రీ మహాచైత్యానికి దానం చేసింది. బోధిశ్రీ అనే ఉపాసిక సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం కట్టించింది. ఆమె శాసనంలో కంటకసేల పేరు కూడా ఉంది. అది ఇప్పటి కృష్ణా జిల్లా ఘంటసాల, అప్పట్లో రేవు పట్నం. లోయ తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు కూడా దొరికాయి. అంటే పదిహేడు వందల ఏళ్ల కిందట కూడా ఇక్కడికి ఓడ మీద వచ్చి దిగి, నది వెంట నడిచి వచ్చినవాళ్లున్నారు. పోర్ట్ డే మనం కనిపెట్టింది కాదు.

తర్వాత అదంతా అడవిలో మరుగున పడింది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్కూల్ టీచర్ ఈ శిథిలాల సంగతి ప్రభుత్వానికి తెలిపాడు. లాంగ్‌హర్స్ట్ అనే అధికారి 1927 నుంచి 1931 దాకా తవ్వించాడు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్ డ్యామ్‌కి శంకుస్థాపన చేశారు. లోయ మొత్తం మునుగుతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో హడావుడిగా పెద్ద ఎత్తున తవ్వకాలు చేశారు. వందకి పైగా చోట్ల తవ్వారు. ముఖ్యమైన 9 కట్టడాల్ని ఊడదీసి తెచ్చి కొండ మీద మళ్లీ కట్టారు. ఇంకొన్నిటికి నమూనాలు చేశారు. 1966లో కొండ మీద మ్యూజియం తెరిచారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకి నీళ్లు వదిలారు. కుడి కాలవ మన పల్నాడు మీదుగానే పోతుంది. నరసరావుపేట చుట్టుపక్కల మనం తినే అన్నంలో ఆ లోయ వాటా ఉంది.

అందుకే కొండ మీద కనిపించే స్తూపాలు అక్కడ పుట్టినవి కావు, వలస వచ్చినవి. కొండ మీదే పుట్టింది మధ్యయుగపు కోట, దాని గోడలు. మిగతావి కింద నుంచి పైకి వచ్చాయి. ఈ ఒక్క ముక్క తెలిసి వెళ్తే చూపు మారిపోతుంది.

ఏం చూడాలి, ఏ వరసలో?

నాలుగు గంటలు దొరకడం మా అదృష్టం. మీకు గంట గంటన్నర మాత్రమే దొరుకుతుందనుకుని చెప్తున్నాను. ఇది షెడ్యూలింగ్ ప్రాబ్లమ్. డెడ్‌లైన్ మారదు, పనులు ఎక్కువ. అలాంటప్పుడు దగ్గరగా ఉందని ముందు కనపడింది చూస్తూ పోతే అసలుది మిగిలిపోతుంది. ఇంకెక్కడా దొరకనిది ముందు, ఎక్కడైనా దొరికేది చివర. నా వరస ఇది.

ముందు మ్యూజియం. రేవు నుంచి పైకి నడవాలి, పెద్దవాళ్లతో అయితే ఇంకాస్త టైమ్ పెట్టుకోండి. లోపల పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన శిల్పాలుంటాయి. కొంచెం ఆకుపచ్చ కలిసిన తెలుపు. ఇళ్లకి వేసే మాచర్ల బండలు చూసి పెరిగినవాళ్లకి ఆ రాయి సొంత మనిషిలా కనిపిస్తుంది. మనిషి కంటే ఎత్తయిన బుద్ధుడు, జాతక కథల పలకలు, బ్రాహ్మీ లిపిలో ప్రాకృత శాసనాలు. అన్నీ చదవాలని చూడకండి. ఒక్క పలక ఎంచుకుని అయిదు నిమిషాలు దాని ముందు నిలబడండి. మునిగిన లోయ నమూనా ఒకటుంది, అది మాత్రం వదలకండి.

తర్వాత మహాచైత్యం. పైనుంచి చూస్తే దాని పునాది బండి చక్రంలా ఉంటుంది. మధ్యలో ఇరుసు, దాని నుంచి ఆకులు, చుట్టూ వలయం. గోడలు ఆకుల్లా కట్టి మధ్య ఖాళీల్లో మట్టి నింపేవాళ్లు. తక్కువ ఇటుకతో ఎక్కువ బలం. సివిల్ బ్రాంచ్ వాళ్లని వెంట తీసుకెళ్తే ఇక్కడ వాళ్ల నోరు ఆగదు. పక్కనే అశ్వమేధం నాటిదని చెప్పే స్నానపు తొట్టి, మెట్ల ఘాట్ ఉన్నాయి. ఒకే లోయలో వైదిక యజ్ఞం చేసిన రాజు, బౌద్ధ స్తూపం కట్టించిన అతని చెల్లెలు. ఒకే ఇంట్లో రెండు దారులు.

టైమ్ మిగిలితే కోట గోడ దగ్గర నీళ్ల వైపు కూర్చోండి. డెడ్‌లైన్‌కి పదిహేను నిమిషాల ముందే రేవుకి రండి. ఆ పదిహేను నిమిషాలు వృథా అనుకోవద్దు. ప్రోగ్రామ్‌లో బఫర్ పెట్టుకున్నట్టు అనుకోండి.

లోయ నమూనా దగ్గర

మా నాయనమ్మ మ్యూజియంలో దేవుళ్ల బొమ్మలన్నిటికీ ఒక దండం పెట్టుకుంటూ వెళ్లిపోయింది. బుద్ధుడికీ పెట్టింది. లోయ నమూనా దగ్గర ఆగింది. నమూనాలో ఎక్కడెక్కడ స్తూపాలున్నాయో, ఎక్కడెక్కడ విహారాలున్నాయో చూపించారు. ఆవిడకి అవేవీ పట్టలేదు. కొండల వరస చూసింది. కళ్లజోడు సర్దుకుని, కాసేపు అటూ ఇటూ తిరిగి, ఒక చోట నిలబడింది.

"ఒరే నాయనా, ఈ కొండ ముక్కు చూడు. దీని నీడ మాపటేళ మా వాకిట్లో పడేది. అంటే మా ఇల్లు ఇదిగో, ఈడ."

వేలు పెట్టిన చోట నమూనాలో ఏమీ లేదు. ఖాళీ నేల. ఆవిడ ఊళ్లు విడిచిన నాటి సంగతులు చెప్పింది. డ్యామ్‌కి శంకుస్థాపన నాటికి ఆవిడకి ఎనిమిదేళ్లు. తవ్వకాల దగ్గరికి పనికి వెళ్లిన పెద్దవాళ్లు ఆవిడకి గుర్తున్నారు. రాళ్లని జాగ్రత్తగా మోసుకెళ్తుంటే పిల్లలు వెంట నడిచేవాళ్లట. తర్వాత బండిలో సామాను, దాని వెనక గొడ్లు, దాని వెనక వీళ్లు. తులసికోట మాత్రం రాలేదట. ఇటుకలు కూలిపోయాయని అక్కడే వదిలేశారట.

నాకు అప్పుడు ఒక సంగతి అర్థమైంది. పదిహేడు వందల ఏళ్ల కిందటి స్నానపు తొట్టిని ఊడదీసి కొండ మీదికి తెచ్చి మళ్లీ కట్టగలిగాం. అది గొప్ప పని. ఆ రోజుల్లో ఆ టైమ్‌లో చేసినవాళ్లకి దండం పెట్టాలి. కానీ లోయలో అప్పుడు బతుకుతున్న ఊళ్లు నమూనాలో లేవు. పాతది వారసత్వం, కొత్తది సామాను. శాతవాహనుల పేర్లు పరీక్ష కోసం బట్టీ పట్టిన నాకు మా ఇంటి పాత ఊరు ఏ దిక్కునుండేదో ఆ రోజు దాకా తెలియదు.

డ్యామ్ వద్దనడం లేదు. ఆ నీళ్లతోనే మా మావయ్య వాళ్ల పొలం పండుతుంది. ఇటు ఉన్నవాళ్లకి నీళ్లు వచ్చాయి, అటు ఉన్నవాళ్లకి ఊరు పోయింది. మా ఇంట్లో రెండు పక్షాలూ ఉన్నాయి. పండక్కి ఒకే పంక్తిలో కూర్చుని తింటారు.

గాలి మూడున్నరకి తగ్గింది. వాళ్లు చెప్పినట్టే నేరుగా రేవుకి తెచ్చారు. కొండ అవతలి పక్కకి పోలేదు. నాయనమ్మ దాని గురించి మళ్లీ అడగలేదు. చుట్టు తిరిగినా నీళ్లే కనపడేవి. నమూనాలో అయితే నేల కనపడింది. ఏది మేలో ఆవిడే చెప్పాలి.

అసలు లాంచీయే కదలకపోతే?

ఇది కూడా జరుగుతుంది. గాలి, వరద, నీళ్లు తక్కువ, తనిఖీ, ఏదో ఒకటి. రేవు దాకా వచ్చి తిరిగి పోకండి. విజయపురి సౌత్ చుట్టూనే ఒక రోజుకి సరిపడా ఉంది.

అనుపు. రేవు నుంచి రోడ్డు మీద వెళ్లొచ్చు. లోయ నుంచి తెచ్చిన కట్టడాల్లో కొన్ని కొండ మీద కాకుండా ఇక్కడ మళ్లీ కట్టారు. వాటిలో రంగస్థలం ముఖ్యమైంది. మధ్యలో చదరంగా అరేనా, చుట్టూ మెట్లు. మధ్యలో నిలబడి మామూలు గొంతుతో మాట్లాడి చూడండి, పై మెట్టు మీద ఉన్న ఫ్రెండ్‌కి వినపడుతుందో లేదో. మన క్లబ్ వాళ్లు పద్యాల పోటీ మైకు లేకుండా పెట్టాలంటే అక్కడే పెట్టాలి. పక్కన బౌద్ధ విహారం, హారీతి గుడి ఆనవాళ్లున్నాయి.

ఎత్తిపోతల. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి దాదాపు 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతాయి. కింద మొసళ్ల పెంపకం కేంద్రం ఉంది. నీళ్లలోకి దిగాలనే ఆలోచన అక్కడితో పోతుంది.

డ్యామ్. 26 గేట్లు. ఎత్తినప్పుడు చూడాలంటే వానాకాలం చివర రావాలి. అప్పుడు జనం ఎక్కువ, బండి ఎక్కడో ఆపి నడవాలి.

తిరుగు దారిలో మాచర్ల చెన్నకేశవస్వామి గుడి. పల్నాటి యుద్ధం కథలో బ్రహ్మనాయుడి పేరుతో ముడిపడిన గుడి. మన జిల్లాలో చరిత్ర ఎప్పుడూ బస్టాండ్‌కి దగ్గర్లోనే ఉంటుంది.

బయల్దేరేముందు గుర్తుంచుకోవాల్సినవి

శుక్రవారం వెళ్లొద్దు. ఆ రోజు మ్యూజియంకి సెలవు.

బయల్దేరే ముందు రోజు ఫోన్ చేసి లాంచీ ఉందో లేదో కనుక్కోండి. పొద్దున మొదటి లాంచీకే వెళ్లండి. మధ్యాహ్నం గాలి లేచే అవకాశం ఎక్కువ, పైగా మొదటి దాంట్లో వెళ్తే ఏదైనా తేడా వచ్చినా ఇంకో లాంచీ ఉంటుంది.

లైఫ్ జాకెట్ వేసుకోండి, బకిల్ పెట్టుకోండి. భుజాన వేలాడేసుకున్న జాకెట్ ఫొటోకి పనికొస్తుంది, నీళ్లలో కాదు. ఎంతమంది ఎక్కారో లెక్క రాసుకోకుండా లాంచీ కదిలితే అడగండి. అడగడం మన హక్కు.

మంచినీళ్లు, మందులు, ఒక పూటకి తిండి వెంట ఉంచుకోండి. మా నాలుగు గంటలు హాయిగా గడవడానికి కారణం పిన్ని కట్టుకొచ్చిన పులిహోర డబ్బా. కొండ మీద గాలి తగ్గేదాకా కూర్చోవాల్సి వస్తే మీకు తత్వం అక్కర్లేదు, పులిహోర కావాలి.

ప్రయాణం ఆపేస్తే టికెట్ డబ్బుల్లో ఎంత వెనక్కి వస్తుందో ఎక్కేముందే అడగండి. ఆపేశాక అడిగితే గొడవ, ముందు అడిగితే సమాచారం. కానీ నడిపేవాడు వద్దన్నాక పోదామని బలవంతం చేయకండి. సముద్రంలో అయినా రిజర్వాయర్‌లో అయినా ఆఖరి మాట చక్రం పట్టుకున్నవాడిదే. పైసలు తిరిగిస్తానని చెప్పి మరీ వద్దన్నవాడు మనకి దొరికాడంటే ఆ రోజు మనది మంచి రోజు.

చివరగా ఒకటి. మీ ఇళ్లలో మాచర్ల వైపు, దేవరకొండ వైపు నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే, సాగర్ వెళ్లేముందు వాళ్లని ఒక్క ప్రశ్న అడగండి: ఆ నీళ్ల కింద మనవాళ్లది ఏమైనా ఉందా? ఉందంటే ఆ ఊరి పేరు, కొండ ఏ వైపు, వాగు ఏ వైపు, రాసుకోండి. ఫోన్‌లో వాయిస్ రికార్డ్ చేసినా చాలు. మా నాయనమ్మది పదకొండు నిమిషాలు ఉంది. మన క్లబ్ డ్రైవ్‌లో "లోయ" అని ఒక ఫోల్డర్ పెట్టి అందులో వేశాను. ప్రస్తుతానికి అందులో ఒకే ఫైల్ ఉంది.